మెడ ఆపరేషన్: ఎక్కడ అని అడిగే ముందు ఎప్పుడు, ఎలా అన్నది తేల్చుకోండి

మెడ ఎమ్మారై రిపోర్టు చేతికొచ్చిన ఇంట్లో మన వైపు మొదట వినిపించే ప్రశ్న "ఎక్కడ చేయిద్దాం?" అని. కాకినాడో రాజమండ్రో చాలని ఒకరంటారు, విజయవాడ తీసుకెళ్లమని ఇంకొకరు, హైదరాబాద్‌లో ఫలానా డాక్టరు గారి చేతి మీద తప్ప వద్దని బావమరిది. రెండో ప్రశ్న ఖర్చు. మూడోది ముందు నుంచి కోస్తారా, వెనక నుంచి కోస్తారా అని. ఇవన్నీ అడగాల్సినవే. కానీ ఆపరేషన్ తర్వాత మనిషి ఎంతవరకు కోలుకుంటాడన్నది వీటన్నిటికంటే ఎక్కువగా రెండు సంగతుల మీద ఆధారపడి ఉంటుంది. ఆపరేషన్ రోజుకి వెన్నుపాము ఎంత దెబ్బతింది, ఎన్నాళ్లుగా దెబ్బతింటోంది. కోనసీమలో ఫిజియోథెరపీ చేస్తూ, పెద్ద ఊళ్లలో ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్లను చూస్తుంటాను కాబట్టి ఆ ప్రశ్నల వరస మార్చి చెబుతాను. ముందు జబ్బు ఏ రకమో, తర్వాత ఎప్పుడు, ఆ తర్వాత ఎలా, చివర్లో ఎక్కడ.

నొక్కుకున్నది చేతి నరమా, వెన్నుపామా

మెడలో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల) జారినా, ఎముక పెరిగినా అది నొక్కేది రెండిట్లో ఒకదాన్ని: చేతికి వెళ్లే నరాన్ని గానీ, వెన్నుపామును గానీ. కొందరిలో రెండూ నొక్కుకుంటాయి. రిపోర్టులో రాసే మాటలు రెండిటికీ దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే "సీ5-సీ6 డిస్క్ బల్జ్" అని చదివి, పక్కింటాయనకీ ఇదే వచ్చిందట, ఆయన మందులతోనే తగ్గించుకున్నాడట అని ఊరుకుంటారు. పక్కింటాయనకి నొక్కుకున్నది చేతి నరం అయ్యుండొచ్చు. మీకు వెన్నుపాము అయితే ఆయన అనుభవం మీకు పనికిరాదు.

చేతి నరం నొక్కుకుంటే నొప్పి మనల్ని ఊరుకోనివ్వదు. మెడ నుంచి భుజం మీదుగా వేళ్ల దాకా లాగుతుంది, తిమ్మిర్లు ఎక్కుతాయి, రాత్రి నిద్ర ఉండదు. చెయ్యెత్తి తల మీద పెట్టుకుంటే కొందరికి కాస్త హాయిగా ఉంటుంది. సాధారణంగా ఒక చేతికే వస్తుంది.

వెన్నుపాము నొక్కుకుంటే చాలామందికి చెప్పుకోదగ్గ నొప్పే ఉండదు. మోసమంతా అక్కడే. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఇదివరకటి కంటే ఎక్కువసేపు పడుతుంది. జాకెట్టు హుక్సు కూతురి చేత పెట్టించుకోవాల్సి వస్తుంది. పులుసన్నం కలుపుతుంటే ముద్ద వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. నోట్లు లెక్కపెడుతుంటే రెండు అంటుకుని వెళ్లిపోతాయి. "ఆయ్, కాలి చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలీలేదండి, ఇంటికొచ్చి చూసుకుంటే ఒకటే ఉంది" అన్న మాట ఎవరి నోట విన్నా నేను ఇంకేమీ అడక్కుండా ముందు వాళ్ల నడక చూస్తాను. రైతులైతే పొలం గట్టు సంగతి చెబుతారు. రోడ్డు మీద బాగానే నడుస్తున్నా, గట్టు మీద మాత్రం తూలి చేలోకి దిగిపోతుంటారు. డాక్టర్లు పరీక్ష గదిలో ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనించి ఒకే గీత మీద నడిపించి చూసేది సరిగ్గా ఈ తూలునే.

ఇంట్లో చూసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. చేతిని పిడికిలి బిగించి పూర్తిగా తెరవడం, మళ్లీ బిగించడం, వీలైనంత వేగంగా పది సెకన్లు చేయండి. మామూలు మనిషి 20 సార్లకు తగ్గకుండా చేయగలడు. అంతకంటే తగ్గినా, వేళ్లు పూర్తిగా విచ్చుకోకపోయినా వెన్నుపాము మీద అనుమానం పెట్టుకోవాలి. దీంతోనే జబ్బు తేల్చేసుకోవద్దు, డాక్టరు గారికి చెప్పడానికి వాడుకోండి. ఇంకో మాట: మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడే షుగర్ వాళ్లలో బీ12 తగ్గి ఇలాంటి లక్షణాలే రావచ్చు. ఆపరేషన్ మాట ఎత్తే ముందు ఆ రక్తపరీక్ష చేయించడం మంచిది.

ఆగడమా, చేయించుకోవడమా

ఈ రెండు రకాలకీ సలహా ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. విచిత్రం ఏంటంటే మన జనం తలకిందులుగా చేస్తారు. నొప్పి భరించలేని చేతి నరం వాళ్లు ఆపరేషన్‌కి తొందరపడతారు, నొప్పి లేని వెన్నుపాము వాళ్లు సంక్రాంతి వెళ్లాక చూద్దాం, దాళ్వా కోతలయ్యాక చూద్దాం అని వాయిదా వేస్తారు.

చేతి నరం ఒత్తిడి చాలామందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో మందులు, విశ్రాంతి, తగిన వ్యాయామంతో తగ్గుముఖం పడుతుంది. అమెరికాలోని రోచెస్టర్‌లో ఇలాంటి రోగులను ఏళ్ల తరబడి గమనించి 1994లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 90 శాతం మందికి చివరికి ఏ బాధా లేదు, లేదంటే కొద్దిపాటి బాధ మాత్రమే మిగిలింది. వాళ్లలో ఆపరేషన్ దాకా వెళ్లింది నాలుగో వంతు మంది. కాబట్టి ఇక్కడ ఆగి చూడటం తెలివైన పనే. చెయ్యి బలహీనపడుతూ పోవడం, మూడు నెలలైనా నిద్రపోనివ్వని నొప్పి ఉంటే మాత్రం ఆపరేషన్ లెక్కలోకి వస్తుంది. ఆ దశలో చేయించుకున్నవాళ్లకి చేతి నొప్పి తగ్గడం విషయంలో ఫలితాలు సాధారణంగా బాగుంటాయి.

వెన్నుపాముకి ఆ వెసులుబాటు లేదు. దాని తీవ్రతను 18 మార్కుల మీద కొలుస్తారు. చేతుల పని, కాళ్ల నడక, స్పర్శ, మూత్రం మీద అదుపు, ఈ నాలుగిటికీ కలిపి మార్కులు. 15 నుంచి 17 వస్తే తేలిక, 12 నుంచి 14 మధ్యస్థం, 11 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రం. 2017లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు మధ్యస్థ, తీవ్ర దశల్లో ఆపరేషనే సిఫారసు చేశాయి. తేలిక దశలో రెండు దారులూ ఇచ్చాయి, ఆపరేషన్ గానీ, నిపుణుల పర్యవేక్షణలో వ్యాయామ చికిత్స గానీ. రెండోది ఎంచుకున్నాక దిగజారుతుంటే ఇక ఆగొద్దన్నాయి. ఎమ్మారైలో ఒత్తిడి కనబడుతున్నా ఏ లక్షణమూ లేనివాళ్లకి ముందుజాగ్రత్త పేరుతో ఆపరేషన్ వద్దని కూడా వాటిలోనే ఉంది. రిపోర్టు చూసి భయపడి వచ్చేవాళ్లకి ఈ చివరి ముక్కే ముందు చెబుతాను, సగం టెన్షన్ అక్కడే దిగుతుంది.

తేలిక దశలో ఉండి ఆగుదామనుకునేవాళ్లు ఒక్క షరతు పెట్టుకోవాలి: మూడు నుంచి ఆరు నెలలకోసారి అదే డాక్టరు దగ్గర అదే మార్కుల పరీక్ష. కాలువలో పూడిక తీస్తే శివారు చేనుకి నీళ్లు వస్తాయి గానీ అప్పటికే ఎండిపోయిన నారు లేవదు. వెన్నుపాము విషయంలోనూ ఆపరేషన్ ఒత్తిడినే తీస్తుంది, చచ్చిన నరాన్ని బతికించదు.

ఆగినన్నాళ్లూ పడిపోకుండా చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. వెన్నుపాముకి చోటు ఇరుకైన మెడ ఒక్క కుదుపుకి వెనక్కి వంగితే కాళ్లకంటే చేతులు ఎక్కువగా పడిపోయే గాయం కావచ్చు. నాచు పట్టిన రేవు మెట్లు, వానాకాలంలో పెరటి గట్టు, సెలూన్లో మెడ టక్కుమని విరిపించుకోవడం, ఈ మూడూ మానేయండి. మూడోదాన్ని జబ్బు లేనివాళ్లు మానేసినా మంచిదే.

ఎవరు ఎంత కోలుకుంటారు

ఏఓ స్పైన్ అనే అంతర్జాతీయ వెన్నెముక సర్జన్ల సంస్థ ఈ ప్రశ్న మీద రెండు పెద్ద అధ్యయనాలు చేయించింది. ఉత్తర అమెరికాలో 278 మంది, తర్వాత వివిధ దేశాల్లో 479 మంది వెన్నుపాము ఒత్తిడి రోగుల్ని ఆపరేషన్ ముందూ తర్వాతా కొలిచారు. 18కి 16 గానీ పైన గానీ ఎవరు చేరుకున్నారని చూస్తే, కొన్ని కారణాలు పదే పదే బయటపడ్డాయి: మొదట్లో ఉన్న తీవ్రత, లక్షణాలు మొదలై ఎన్నాళ్లైంది, నడక దెబ్బతిందా లేదా, వయసు, పొగ తాగడం, ఇతర జబ్బులు, మానసిక ఆరోగ్యం.

వయసు గురించి ఎక్కువ బెంగపడకండి. పెద్దవాళ్లకి కోలుకునే పరిధి కొంత తగ్గుతుంది, మత్తుమందు ముప్పు పెరుగుతుంది, అంతే. డెబ్బై దాటాయని మాత్రమే ఆపరేషన్ వద్దనడం సబబు కాదు. మంచాన పడ్డాక చేయించే దానికంటే నడుస్తుండగా చేయిస్తే ఆ వయసులోనూ మెరుగుదల కనిపిస్తుంది.

ఎమ్మారైలో వెన్నుపాము మధ్య తెల్లమచ్చ ఉందని రాస్తే అదే పనిగా భయపడక్కర్లేదు. టీ2 అనే రకం చిత్రాల్లో కనిపించే తెల్లమచ్చ ఒక్కటే ఉంటే ఫలితం చెడ్డదని చెప్పలేం. టీ1 చిత్రాల్లో అదే చోట నల్లగా కూడా ఉంటే శాశ్వతంగా దెబ్బతిన్న భాగం ఉందన్న సూచన బలపడుతుంది. ఈ తేడా డాక్టరు గారిని అడగండి.

మార్చుకోగలిగిన వాటిలో నేను ముందు పెట్టేది పొగాకు. లంక పొగాకు చుట్ట అలవాటున్న పెద్దలు "సిగరెట్టు కాదు కదా బాబూ" అంటారు. చుట్టైనా, ఖైనీ అయినా, గుట్కా అయినా అందులో ఉన్నది నికోటినే. అది సన్నని రక్తనాళాలను బిగదీస్తుంది, ఆపరేషన్‌లో అతికించిన రెండు వెన్నుపూసలు కలిసి అతుక్కోవడాన్ని అడ్డుకుంటుంది. ఎముక అతికించే ఆపరేషన్ అయితే కనీసం నెలా నెలన్నర ముందు మానేసి, ఎక్స్‌రేలో అతుకు కనిపించేదాకా ముట్టకూడదు. ఇంట్లో వాళ్లు ఆపరేషన్ డబ్బులకి పొలం కౌలు ముందుగా తీసుకోవడానికి సిద్ధపడతారు గానీ తాతగారి చేతిలో చుట్ట లాక్కోవడానికి మొహమాటపడతారు!

తర్వాత షుగర్. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష 7.5 లేదా 8 లోపు ఉండాలని చాలామంది సర్జన్లు చూస్తారు. ఎక్కువగా ఉంటే పుండు మానడం ఆలస్యం, చీము పట్టే ముప్పు ఎక్కువ. పైగా షుగర్ వల్ల అరికాళ్లు ముందే మొద్దుబారి ఉంటే, ఆ మొద్దు మెడ ఆపరేషన్‌తో పోదు. ఇది ముందే తెలియకపోతే ఆపరేషన్ ఫెయిలయిందని డాక్టర్ని తిట్టుకుంటారు. అయితే నడక వారం వారం దిగజారుతున్నప్పుడు షుగర్ దిగే దాకా నెలల తరబడి కూర్చోకూడదు. ఆసుపత్రిలో చేర్చుకుని ఇన్సులిన్‌తో అదుపు చేసి ముందుకెళతారు. గుండె స్టెంటు ఉండి రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపొద్దు, గుండె డాక్టరూ సర్జనూ మాట్లాడుకుని చెప్పాలి.

దిగులు సంగతి మన దగ్గర ఎవరూ జబ్బుగా లెక్కలోకే తీసుకోరు. నిద్ర, ఆకలి, మనుషులతో మాట తగ్గిన రోగి ఆపరేషన్ తర్వాత వ్యాయామం చేయడు, నొప్పి ఎక్కువగా అనిపిస్తుంది. దానికి మందు అవసరమైతే వాడటం ఆపరేషన్ తయారీలో భాగమే.

ముందు నుంచా, వెనక నుంచా

ఒకటి రెండు చోట్ల మాత్రమే ఒత్తిడి ఉండి, అది డిస్క్ వైపు నుంచి వస్తుంటే సాధారణంగా గొంతు పక్క నుంచి వెళతారు. డిస్క్ తీసేసి ఆ ఖాళీలో ఎముక గానీ చిన్న కేజ్ (గూడులాంటి దిమ్మ) గానీ పెట్టి, పైనా కిందా వెన్నుపూసలు ఒకటిగా అతుక్కునేలా ప్లేటు బిగిస్తారు. ఈ పద్ధతి 1950ల నుంచి ఉంది. కండరాలు పెద్దగా కోయరు కాబట్టి మెడనొప్పి తక్కువ, మెడ ముందుకు వంగిపోయి ఉన్నా సరిచేయొచ్చు. ఇబ్బందల్లా మింగడంలో. మొదటి కొన్ని వారాలు గొంతు దగ్గర పట్టేసినట్టు ఉంటుంది, కొందరికి గొంతు బొంగురు పోతుంది, ఎక్కువమందికి తగ్గిపోతుంది. ఆ రోజుల్లో గంజి, మెత్తటి పెరుగన్నం, ముళ్లు పూర్తిగా తీసిన చేప. పులసైనా సరే, ముల్లు ఉంటే వద్దు.

అదే దారిలో, అతికించకుండా కదిలే కృత్రిమ డిస్క్ పెట్టడం ఇంకో ఎంపిక. అతికించిన చోట కదలిక పోయి పక్క డిస్కుల మీద భారం పడుతుందన్నది దీని వెనక ఆలోచన. 1999లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రకారం అతికించినవాళ్లలో ఏటా దాదాపు 3 శాతం మందికి పక్క డిస్కు దగ్గర కొత్త లక్షణాలు వచ్చాయి. కృత్రిమ డిస్కు వయసులో ఉన్నవాళ్లకి, ఒకటి రెండు చోట్లకి, వెనక కీళ్లు అరగనివాళ్లకి సరిపోతుంది. ఎముకలు గుల్లబారినా, మెడ అస్థిరంగా ఉన్నా పనికిరాదు. ఖర్చు ఎక్కువ. అరవై దాటిన రైతుకి దీన్ని అమ్మజూపితే ఎందుకని గట్టిగా అడగమంటాను.

మూడు, అంతకంటే ఎక్కువ చోట్ల ఇరుకైతే వెనక దారి వైపు మొగ్గుతారు. అందులో లామినోప్లాస్టీ జపాన్‌లో 1970ల్లో రూపుదిద్దుకుంది. వెన్నుపూస వెనక భాగాన్ని ఒకవైపు కోసి తలుపులా తెరిచి వెన్నుపాముకి చోటిస్తారు, మెడ కదలిక చాలావరకు మిగులుతుంది. మెడ సహజమైన వంపు నిలిచి ఉంటేనే ఇది పనిచేస్తుంది. వంపు పోయినా, కదలిక ఎక్కువగా ఉన్నా వెనక భాగం తీసేసి స్క్రూలతో అతికిస్తారు. వెన్నుపూసల దిమ్మెలకి వెనక, వెన్నుపాముకి ముందు ఉండే లిగమెంటు (పట్టీలాంటి కణజాలం) ఎముకలా గట్టిపడే ఓపీఎల్ఎల్ అనే జబ్బులో దారి ఎంచుకోవడం కష్టం. సీటీ స్కాన్ లేకుండా ఎవరైనా తేల్చి చెబితే రెండో అభిప్రాయం తీసుకోండి. వెనక నుంచి చేస్తే మెడనొప్పి ఎక్కువ రోజులుంటుంది. కొద్దిమందికి ఆపరేషనైన కొన్ని రోజుల్లో భుజం ఎత్తలేని బలహీనత వస్తుంది. అది ముందు దారిలోనూ రావచ్చు, ఎక్కువమందిలో నెలల్లో తగ్గుతుంది.

ఏది మేలు? 2021లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో, రెండు దారులూ కుదిరే 163 మంది రోగులను లాటరీ పద్ధతిలో పంచి చూశారు. ఏడాది తర్వాత శారీరక ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇబ్బందులు మాత్రం ముందు నుంచి చేసినవాళ్లలో 48 శాతం, వెనక నుంచి చేసినవాళ్లలో 24 శాతం. ఆ తేడాలో ఎక్కువ భాగం మింగడంలో ఇబ్బందే. అంటే ఎమ్మారై రెండు దారులకీ ఒప్పుకున్నప్పుడు, సర్జన్‌కి చెయ్యి తిరిగిన దారిని ఒప్పుకోవడంలో నష్టం లేదు. ఒకటే దారి కుదిరే మెడకి ఈ లెక్క వర్తించదు.

ఎక్కడ

దీనికి నేను పెద్ద బరువివ్వను, కానీ గాలికి వదిలేసేదీ కాదు. వెన్నుపాము ఆపరేషన్లు తరచూ చేసే సర్జన్, రాత్రి ఏదైనా జరిగితే వెంటనే ఎమ్మారై తీసి మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లగల ఆసుపత్రి, ఈ రెండూ చూడండి. కాకినాడ జీజీహెచ్, విశాఖ కేజీహెచ్, హైదరాబాద్ నిమ్స్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో న్యూరోసర్జరీ విభాగాలున్నాయి. వెయిటింగ్ ఉంటే ఎన్ని వారాలో అడిగి, ఆ గడువు మీ దశకి సరిపోతుందో లేదో అదే డాక్టర్ని తేల్చమనండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీకు చెప్పిన ఆపరేషన్ వస్తుందా, ఇంప్లాంట్ (లోపల పెట్టే ప్లేటు, స్క్రూల లాంటివి) అందులోనే కలిసి ఉందా అని ఆసుపత్రిలోని పథకం డెస్కులో ముందే రాయించుకోండి.

దూరం సంగతి ఆపరేషన్ రోజు కంటే తర్వాత తెలుస్తుంది. కుట్లు చూపించడానికి, ఎక్స్‌రేకి మళ్లీ మళ్లీ వెళ్లాలి. సఖినేటిపల్లి మనిషి పంటు మీద గోదావరి దాటి నరసాపురం వెళ్లి అక్కడ రైలెక్కాలి. అమలాపురం మనిషి రాజమండ్రి దాకా కారులో వెళ్లి గౌతమి ఎక్స్‌ప్రెస్ అందుకోవాలి. కింది బెర్తు దొరక్కపోతే ఆ ప్రయాణం పెట్టుకోవద్దు. సమాన అనుభవమున్న సర్జన్ రెండు గంటల దూరంలో ఉంటే, పన్నెండు గంటల దూరంలోని పేరు కోసం వెంపర్లాడక్కర్లేదని నా అభిప్రాయం.

ఇంటికొచ్చాక

చేతి నొప్పి చాలామందికి రోజుల్లోనే తగ్గుతుంది, తిమ్మిర్లు నెమ్మదిగా వదులుతాయి. వెన్నుపాము రోగుల్లో మెరుగుదల ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో వస్తుంది, ఆ తర్వాత ఏడాది దాకా నిదానంగా సాగుతుంది. మూడో వారంలో ఏమీ మారలేదని నిరాశపడి వ్యాయామం ఆపేసేవాళ్లే నాకు ఎక్కువ కష్టం. రోజూ నడక, పెంచుకుంటూ. వేళ్లకి బియ్యంలో కలిపిన శనగలు ఏరడం, పాత చొక్కాకి గుండీలు పెట్టి తీయడం, అన్నం తనే కలుపుకు తినడం. పెట్టేవాళ్లు ప్రేమ కొద్దీ ముద్దలు పెడుతుంటే వేళ్లకి పని దొరకదు. మెడ మీద నూనె మర్దనా వద్దు. బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్డు, రాత్రి లైటు, నేల మీద కూర్చునే దొడ్డికి బదులు కమోడు కుర్చీ కొన్నాళ్లు తప్పదు.

పనిలోకి వెళ్లే మాట ఆపరేషన్‌కి ముందే మాట్లాడుకోవాలి. కుర్చీలో కూర్చుని చేసే పనికి నెలా నెలన్నరలో వెళ్లొచ్చు. బరువులెత్తడం ఎక్స్‌రేలో అతుకు చూశాకే, కనీసం మూడు నెలలు. 75 కిలోల ధాన్యం బస్తా తల మీదో వీపు మీదో మోసే జట్టు కూలీ, కొబ్బరి దింపు తీసే మనిషి అయితే వెన్నుపాము ఆపరేషన్ తర్వాత ఆ పనికి తిరిగి వెళ్లొద్దనే చెబుతాను. పట్టు సడలిన చెయ్యి చెట్టు పైన నమ్మదగింది కాదు. తోటలో లెక్క చూసే పనో, కాటా దగ్గర పనో ముందే మాట్లాడి పెట్టుకున్న ఇళ్లలో మనిషి దిగులు పడకుండా త్వరగా లేస్తాడు.

జ్వరం, కుట్ల దగ్గర చీము, కొత్తగా చెయ్యో కాలో బలహీనపడటం, మూత్రం బిగుసుకోవడం కనిపిస్తే అదే రోజు సర్జన్‌కి ఫోను చేయండి. ముందు నుంచి ఆపరేషన్ అయినవాళ్లకి మెడ వాచి ఊపిరి ఆడటం కష్టమైతే ఫోను కోసం కూడా ఆగకుండా 108 పిలిచి దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, అది ఆపరేషన్ చేసిన ఆసుపత్రి కాకపోయినా సరే.